యునైటెడ్‌లో 1కె ఉంది. గ్లోబల్ సర్వీసెస్ పిలుపు రావాలంటే ఇంకేం చేయాలి?

ఎడిసన్_భీమవరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నాను, సొంతూరు భీమవరం దగ్గర. కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం చీకటితోనే న్యూఆర్క్‌లో విమానం ఎక్కి హ్యూస్టన్ వెళ్లడం, గురువారం రాత్రి ఇల్లు చేరడం. ఈ తిరుగుడులోనే, యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో తరచూ ఎక్కేవాళ్లకి ఇచ్చే 1కె స్టేటస్ వచ్చింది. దాని షరతులు తెలిసినవే: ఏడాదిలో 60 ఫ్లైట్లు, 22,000 పీక్యూపీ ఉండాలి. లేదంటే ఫ్లైట్ల లెక్క లేకుండా 28,000 పీక్యూపీ. పీక్యూపీ అంటే తెలియనివాళ్లకి, టికెట్‌లో ప్రభుత్వ పన్నులు తీసేయగా మిగిలిన ప్రతి డాలరుకీ ఒక పాయింటు.

దీని పైన గ్లోబల్ సర్వీసెస్ అని ఇంకో మెట్టు ఉంది. అది ఎలా వస్తుందో వెబ్‌సైట్‌లో ఎక్కడా రాసిలేదు. వాళ్లు పిలిస్తేనే వస్తుందంటారు.

మొన్న హ్యూస్టన్ నుంచి వస్తే న్యూఆర్క్‌లో ఆలస్యంగా దిగాం. విమానం తలుపు తెరవగానే యూనిఫారంలో ఒకావిడ ట్యాబ్ పట్టుకుని నిలబడి ఉంది. నా ముందు వరసలో ఆయన్ని పేరు పెట్టి పలకరించింది. జెట్ బ్రిడ్జ్ పక్కన సిబ్బంది వాడే తలుపు ఉంటుంది కదా, అది తెరిచి ఇనుప మెట్ల మీంచి కిందికి తీసుకెళ్లింది. కింద విమానాలు నిలిపే చోట కారు సిద్ధంగా ఉంది. ఆయన బ్యాగు డ్రైవరే డిక్కీలో పెట్టాడు. మేమంతా ఇంకా నడవాలో నిలబడే ఉన్నాం, ఆ కారు వేరే టెర్మినల్ వైపు వెళ్లిపోయింది.

నాకు కారు మీద మోజు లేదు. నాన్నగారికి ఎనభై దాటాయి. ఊళ్లో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు. ఏ అర్ధరాత్రో ఫోన్ వస్తే దొరికిన మొదటి విమానం ఎక్కాలి. ఆ టైమ్‌లో ఎయిర్‌లైన్‌లో మన మాట వినే మనిషి ఒకరు ఉంటే ఎంత ధైర్యం! నాకు కావలసింది అది.

డిసెంబర్ 31తో ఈ ఏడాది లెక్క ముగుస్తుంది. ఈలోగా సొంత డబ్బుతో ఒక బిజినెస్ క్లాస్ టికెట్ కొని పాయింట్లు పెంచుకుంటే పిలుపు వచ్చే అవకాశం ఉంటుందా? మా ఆవిడ వద్దంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_మామయ్య

ఎడిసన్ గారూ, మేము డాలస్ వైపు కాబట్టి అంతా అమెరికన్ ఎయిర్‌లైన్సే. మీ గ్లోబల్ సర్వీసెస్ లాంటిది ఇక్కడ కన్సీర్జ్‌కీ. మామూలుగా ఇదీ పిలుపు మీద వచ్చేదే. దాని కింది మెట్టు ఎగ్జిక్యూటివ్ ప్లాటినం, ఏడాదికి 2,00,000 లాయల్టీ పాయింట్లు కావాలి. ఆ పాయింట్లు వాళ్ల క్రెడిట్ కార్డు మీద కూడా వస్తాయి, డాలరుకి ఒకటి చొప్పున. అందుకే గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు, కిరాణా స్టోర్లు నడిపే మనవాళ్లలో కొందరు సరుకు కొనుగోళ్లన్నీ కార్డు మీద తిప్పి, పెద్దగా విమానం ఎక్కకుండానే ఎగ్జిక్యూటివ్ ప్లాటినం తెచ్చుకున్నారు. కానీ కార్డు గీకి కన్సీర్జ్‌కీ తెచ్చుకున్నవాళ్లని మాత్రం నేను చూడలేదు. నాకు తెలిసి అది ఉన్నది ఇద్దరికి. ఇద్దరూ పెద్ద కంపెనీల్లో వైస్ ప్రెసిడెంట్లు, ఎప్పుడూ చివరి నిమిషం టికెట్లే.

డెల్టాలో డెల్టా 360 అని ఉంది. అట్లాంటాలో పోర్షా కారులో ఒక విమానం నుంచి ఇంకో విమానానికి దింపుతారే, వాళ్లే. మామూలుగా అదీ పిలుపే. కాకపోతే జీవితకాలంలో డెల్టా మీద 50 లక్షల మైళ్లు తిరిగినవాళ్లకి ఏటా ఇస్తామని బయటికే చెప్పారు.

మీ నాన్నగారి సంగతికి వస్తే, అక్కడ మా వదిన చెప్పేదే విని ఆ డబ్బు పక్కన పెట్టండి.

గచ్చిబౌలి_ట్రావెల్‌డెస్క్

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో కార్పొరేట్ టికెటింగ్ చేస్తాను. ఉద్యోగం ట్రావెల్ ఏజెన్సీలోనే అయినా కూర్చునేది క్లయింట్ ఆఫీసులో. మా లైన్‌లో దీన్ని ఇంప్లాంట్ అంటాం. అమెరికా వేళలకి రాత్రి షిఫ్టు. గ్లోబల్ సర్వీసెస్ ఉన్న డైరెక్టర్ల టికెట్లు, మొదటిసారి విమానం ఎక్కే కుర్ర ఇంజినీర్ల టికెట్లు ఒకే తెర మీద చూస్తుంటాను. తేడా ఎక్కడ మొదలవుతుందో బాగా తెలుసు.

ఆ డిసెంబర్ టికెట్ కొనకండి. ఎందుకో చెప్తాను.

ఇదంతా మొదలైంది మైళ్లతో. 1981 మే నెలలో అమెరికన్ వాళ్లు అడ్వాంటేజ్ అనే మైళ్ల పథకం పెట్టారు, ఆ వెంటనే యునైటెడ్ వాళ్లు మైలేజ్ ప్లస్ పెట్టారు. ఎంత దూరం తిరిగితే అంత గౌరవం. చవక టికెట్ దొరికితే చాలు, పనేమీ లేకపోయినా సింగపూర్ దాకా వెళ్లి అదే విమానంలో తిరిగొచ్చేవాళ్లు ఉండేవారు. మైలేజ్ రన్ అనేవారు దాన్ని. యునైటెడ్ 2020లో ఈ లెక్క తీసేసి పీక్యూపీ తెచ్చింది. డెల్టా 2024 నుంచి పూర్తిగా ఖర్చు మీదికి వెళ్లింది, డైమండ్‌కి 28,000 డాలర్లు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి పౌండుకి ఒక పాయింటు చేసింది, గోల్డ్ కావాలంటే 20,000. అంటే మీరు ఎన్ని గంటలు గాల్లో ఉన్నారన్నది వాళ్లకి అక్కర్లేదు, వాళ్లకి ఎంత డబ్బు మిగిల్చారన్నదే లెక్క. మామూలు స్టేటస్‌లకి ఈ లెక్క ఈమధ్యే వచ్చింది. పిలుపు మీద ఇచ్చేవాటికి ముందునుంచీ ఇదే.

ఇప్పుడు ఆ డబ్బుని వాళ్లు ఎలా చూస్తారో చెప్తాను. యునైటెడ్ బిజినెస్ క్లాస్‌లో పక్కపక్క సీట్లు రెండు తీసుకోండి. ఒకాయన రెండు నెలల ముందు ప్లాన్ చేసుకుని పీ క్లాస్ అనే తక్కువ రేటులో కొన్నారు. రెండో ఆయనకి క్లయింట్ నుంచి ఫోన్ వచ్చింది, రేపటి ప్రయాణానికి ఇవాళ జే క్లాస్ అనే పూర్తి రేటులో కొన్నారు. పడుకునే సీటు అదే, దుప్పటి అదే, భోజనం అదే. ధర మాత్రం రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ రెండో ఆయన నెలనెలా ఇలాగే కొంటాడు, ధర చూడడు, ఎందుకంటే కట్టేది కంపెనీ. అలాంటి మనిషి పోటీ ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతే వీళ్లకి గట్టి దెబ్బ. అందుకని విమానం దగ్గరికి కారు పంపిస్తారు. మీరు ఒక్కసారి సొంత డబ్బుతో కొనే పీ క్లాస్ టికెట్ ఆ లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి మనవాళ్లు చాలామంది గమనించరు. మీ ఈ-టికెట్ నంబరు 13 అంకెలు ఉంటుంది కదా, మొదటి మూడు చూడండి. 016 అయితే ఆ టికెట్ యునైటెడ్ వాళ్లది. 220 లుఫ్తాన్సా, 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్. 016 టికెట్ అయితే డాలరుకి ఒక పీక్యూపీ. అదే లుఫ్తాన్సా టికెట్ మీద ఎగిరి యునైటెడ్ నంబర్ వేసుకుంటే, వచ్చిన మైళ్లని 5తో భాగించి ఇస్తారు. వేరే కొన్ని భాగస్వామ్య ఎయిర్‌లైన్స్‌కి 6తో. పైగా ఒక్కో ఫ్లైట్‌కి ఇంతకు మించి ఇవ్వమని పరిమితి కూడా ఉంటుంది. హైదరాబాద్‌కి అమెరికా నుంచి నేరుగా విమానం లేకపోవడం వల్ల మనవాళ్లు ఒకసారి దుబాయ్ మీదుగా, ఒకసారి దోహా మీదుగా, ఇంకోసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, ఏది చవకైతే అలా వస్తారు. అది తప్పని నేననను, నలుగురు మనుషుల టికెట్లు కొనేటప్పుడు ఎవరైనా చేసేది అదే. కానీ అలా వచ్చేవాళ్ల డబ్బు నాలుగు చోట్లకి చెదిరిపోతుంది. ఏ ఎయిర్‌లైన్ కంటికీ వాళ్లు పెద్దగా ఆనరు.

ఇండియా టికెట్ లెక్కే వేసి చూడండి. 1,500 డాలర్ల ఎకానమీ రానుపోను టికెట్‌లో పన్నులు పోగా ఓ 1,300 మిగులుతాయి అనుకుందాం. దాంతోనే 28,000 చేరాలంటే ఏడాదికి ఇరవైసార్లు పైగా ఇండియా రావాలి. అదైనా కింది మెట్టుకే.

ఇక బయటికి ఎవరూ చెప్పని విషయం. మీరు ఎంత ఖర్చు పెడతారన్నదే కాదు, ఎంతమంది ఖర్చు మీ చేతిలో ఉందన్నది కూడా చూస్తారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ప్రీమియర్ అని కార్డు ఉంది. గోల్డ్ పైనుండే గోల్డ్ గెస్ట్ లిస్ట్‌కి పాయింట్ల లెక్క ఉంది కానీ ప్రీమియర్‌కి లేదు, ఎన్ని పాయింట్లున్నా అడిగితే ఇవ్వరు. అది కంపెనీల ప్రయాణాల బడ్జెట్ చేతిలో ఉన్న పెద్దలకి ఇచ్చేది. మా క్లయింట్ ఆఫీసులో ఏటా ఎయిర్‌లైన్స్‌తో కాంట్రాక్ట్ మాట్లాడుకుంటారు. ఫలానా రూట్లో మా వాళ్లు ఇంతమంది మీ విమానమే ఎక్కుతారు, మీరు ఇంత డిస్కౌంట్ ఇవ్వండి అని బేరం. ఆ బేరంలో డిస్కౌంట్‌తో పాటు కొన్ని స్టేటస్ కార్డులు కూడా వస్తాయి. వాటిని ఎవరికివ్వాలో కంపెనీయే పేర్లు పంపుతుంది. ఏడాదికి నాలుగుసార్లు కూడా విమానం ఎక్కని ఫైనాన్స్ పెద్దాయన చేతిలో గోల్డ్ కార్డు చూశాను. వారం వారం తిరిగే కుర్రాడికి లేదు. ఇది నాకు నచ్చదు. కానీ జరిగేది ఇదే.

మీ కంపెనీకి యునైటెడ్‌తో కాంట్రాక్ట్ ఉందేమో కనుక్కోండి. ఉంటే మీ టికెట్లన్నీ ఆ కార్పొరేట్ కోడ్ మీదే పడుతున్నాయో లేదో చూడమని ట్రావెల్ మేనేజర్‌ని అడగండి. సొంత టికెట్ కన్నా ఈ ఒక్క మెయిల్ మేలు.

దేరా_కరీంనగర్

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో అడ్మిన్ పని చేస్తా. మా అర్బాబ్ (యజమాని) టికెట్లు, లేబర్ క్యాంపు వాళ్ల లీవు టికెట్లు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఎమిరేట్స్‌లో అందరికీ తెలిసిన మెట్లు సిల్వర్ 25,000, గోల్డ్ 50,000, ప్లాటినం 1,50,000 టియర్ మైళ్లు. దాని మీద ఐఓ అని ఒకటుంది, పేరులోనే ఉంది ఆహ్వానం మీద మాత్రమే అని. దానికి అప్లికేషన్ లేదు, అంకె లేదు. మా దగ్గర పనిచేసే వాళ్లలో ఇరవై ఏండ్లుగా హైదరాబాద్ పోయి వచ్చేటోళ్లు ఉన్నారు అన్నా, రెండేండ్లకోసారి లీవు. వాళ్లకి సిల్వర్ కూడా లేదు. నంబర్ వేసుకుంటే మైళ్లన్నా వస్తాయని చెప్పి అందరికీ నేనే స్కైవర్డ్స్, అంటే ఎమిరేట్స్ మైళ్ల ఖాతా తెరిపించిన. ఒకాయనకి మొన్న ఆ మైళ్లతో బిడ్డ పెళ్లికి పోయేటప్పుడు టికెట్ ఖర్చు తగ్గింది. అప్పుడు ఆయన మొహం చూడాలి.

మెల్బోర్న్_తెలుగింటి

ఇక్కడ ఆస్ట్రేలియా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. క్వాంటాస్‌లో డబ్బుతో, తిరుగుడుతో వచ్చే పై మెట్టు ప్లాటినం వన్, 3,600 స్టేటస్ క్రెడిట్లు. పిలుపు మీదే వచ్చే ఛైర్మన్స్ లౌంజ్ మాత్రం వేరే లోకం. సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్, పెర్త్, అడిలైడ్, కాన్‌బెరాల్లో ఉంది, తలుపు మీద బోర్డు ఉండదు. పెద్ద కంపెనీల సీఈఓలు, పార్లమెంటు సభ్యులు అందులో ఉంటారు. ఎంపీలు ఆ సభ్యత్వాన్ని తమ ప్రయోజనాల రిజిస్టర్‌లో రాయాలి, అది ఎవరైనా చూడొచ్చు. విమానయాన నియమాలు చేసేవాళ్లకి విమాన సంస్థే ఉచితంగా ఇలాంటివి ఇవ్వడం మీద ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. నాకైతే అది న్యాయంగా అనిపించదు. మీ ప్రశ్నకి పనికొచ్చేది ఒక్కటే: అధికారం చూసి ఇచ్చేదాన్ని ప్రయాణాలతో సంపాదించలేం.

మైన్_నది_ఒడ్డున

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి. లుఫ్తాన్సాలో పై మెట్టైన హాన్ సర్కిల్‌ని కూడా చాలామంది ఆహ్వానమే అనుకుంటారు. కాదు, దానికి అంకె ఉంది. 2024 నుంచి ఒక క్యాలెండర్ ఏడాదిలో 6,000 హాన్ సర్కిల్ పాయింట్లు. ఖండం దాటే ఒక్కో ఫ్లైట్‌కి బిజినెస్‌లో 50, ఫస్ట్‌లో 70. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ విమానం 2024 జనవరిలో మొదలైంది కాబట్టి మన లెక్కలో చెప్తాను. న్యూఆర్క్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వెళ్లి రావడం అంటే నాలుగు ఫ్లైట్లు. బిజినెస్‌లో అయితే 200 పాయింట్లు, అంటే అలాంటి ప్రయాణాలు 30.

ఆ కార్డు ఉన్నవాళ్లకి ఇక్కడ 2004లో కట్టిన ఫస్ట్ క్లాస్ టెర్మినల్ ఉంది. విడిగా ఒక భవనం. సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ తనిఖీ లోపలే, అక్కడి నుంచి కారులో నేరుగా విమానం దగ్గరికి. లోపల స్నానాల గదిలో తొట్టి ఉంటుంది, అందులో వేసుకోవడానికి రబ్బరు బాతు ఇస్తారు. ఆ బాతుల్ని ఏళ్ల తరబడి పోగుచేసి షోకేసులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నా మాట ఏమిటంటే, అంకె బయటపెట్టినది ఎంత కష్టమైనా మనిషికి మర్యాదగా ఉంటుంది. ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

ఎడిసన్_భీమవరం

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు టికెట్ నంబర్లు తీసి చూశాను. హ్యూస్టన్ టికెట్లన్నీ 016తోనే ఉన్నాయి. ఇండియా టికెట్లు మాత్రం ఒక్కోసారి ఒక్కో నంబర్.

రెండు సందేహాలు. ఒకటి, కొన్ని లక్షల మైళ్లు తిరిగితే గ్లోబల్ సర్వీసెస్ జీవితాంతం ఇస్తారని విన్నాను, నిజమేనా? రెండోది, అసలు భయం నాన్నగారి గురించే కదా. గ్లోబల్ సర్వీసెస్ రాదనుకుంటే, ఆ రాత్రి ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో ఏం ఉండాలి?

గచ్చిబౌలి_ట్రావెల్‌డెస్క్

మొదటిది నిజమే తమ్ముడూ. యునైటెడ్ గ్లోబల్ సర్వీసెస్‌కి బయటికి చెప్పిన దారి అదొక్కటే. జీవితకాలంలో 40 లక్షల మైళ్లు. 10 లక్షలకి జీవితాంతం గోల్డ్, 20కి ప్లాటినం, 30కి 1కె, 40కి గ్లోబల్ సర్వీసెస్. భార్యకో భర్తకో కూడా అదే స్టేటస్ ఇస్తారు. కానీ యునైటెడ్, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానాల్లో డబ్బు కట్టి తిరిగిన మైళ్లే లెక్క. మైళ్లతో కొన్న టికెట్ లెక్కకి రాదు, లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా విమానాలు రావు. న్యూఆర్క్ నుంచి ఢిల్లీ 7,300 మైళ్లు. రానుపోను 14,600. అంటే దాదాపు 270 సార్లు వచ్చి వెళ్లాలి, నెలకొకసారి వచ్చినా ఇరవై రెండేళ్ల పైన. అమెరికాలో టామ్ స్టూకర్ అని ఒకాయన ఉన్నారు, 2011లోనే యునైటెడ్ మీద కోటి మైళ్లు దాటారు. ఆయన 1990లో జీవితకాలపు పాస్ ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కున్నారు, ఇప్పుడు అలాంటి పాస్ అమ్మరు. మీరు హ్యూస్టన్ తిరిగినంత కాలం ఈ మైళ్లు వాటంతట అవే పోగవుతాయి, దానికోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు.

రెండోదే అసలు ప్రశ్న. ఇలాంటి ఫోన్లు నాకు రాత్రి షిఫ్టులో వస్తుంటాయి. అవతల మనిషి మాట్లాడలేకపోతారు, పాస్‌పోర్ట్ నంబర్ చెప్పమంటే ఏడుస్తారు. అందుకే ఇది మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చేసిపెట్టుకోవాల్సిన పని.

నిజం చెప్పాలంటే గ్లోబల్ సర్వీసెస్ బాగా అక్కరకొచ్చేది విమానం రద్దయినప్పుడు. న్యూఆర్క్‌లో ఉరుములతో వాన పడి వరసగా ఫ్లైట్లు పోయిన రాత్రుల్లో మా డైరెక్టర్ గారి పీఎన్ఆర్ తెరిస్తే, నేను ఫోన్ చేసేలోపే వాళ్ల డెస్క్ మనిషి పొద్దుటి ఫ్లైట్‌లో సీటు పట్టి ఉంచేవారు. అది గొప్ప సేవే, కాదనను. కానీ ఊరికి బయల్దేరడానికి సీటు కావాలంటే దానికి మీ దగ్గరున్న 1కె చాలు.

మీ ఖాతాలో మైళ్లు ఉంటాయి కదా, వాటిని హవాయి ట్రిప్పుకి ఖర్చు పెట్టకండి. ఇండియాకి ఒక మనిషి వెళ్లడానికి సరిపడా ఎప్పుడూ ఉంచుకోండి. 2019 ఆగస్టు నుంచి యునైటెడ్ మైళ్లకి గడువు లేదు. ఆ రాత్రి యునైటెడ్ యాప్‌లోనే లుఫ్తాన్సా, టర్కిష్, ఎయిర్ ఇండియా సీట్లు కూడా కనబడతాయి, అన్నీ యునైటెడ్ ఉన్న స్టార్ అలయన్స్ కూటమివే. దొరికింది బుక్ చేసేయండి. ఇంకా మంచిది దొరికితే మొదటిది రద్దు చేసుకోవచ్చు, మైళ్లు వెనక్కి వస్తాయి, దానికి ఫీజు తీసుకోరు. డబ్బు టికెట్ అయితే ఆ టైమ్‌కి రేటు చూస్తేనే గుండె ఆగుతుంది, మైళ్లు ఉంటే ఆ టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

ఢిల్లీ దాకా వచ్చాక గన్నవరానికి ఎయిర్ ఇండియా ఉంది. వీలైనంతవరకు మొత్తం ఒకే టికెట్ మీద చేయించుకోండి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది మీ నెత్తి మీదే పడుతుంది. ఢిల్లీలో సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి, దానికి మూడు గంటలైనా ఉంచుకోండి. 1కె అంటే స్టార్ అలయన్స్ మొత్తానికీ గోల్డ్ స్థాయి కాబట్టి ఎయిర్ ఇండియా కౌంటర్‌లో మీకు ప్రాధాన్యం వరస ఉంటుంది. పెద్ద క్యూలో నిలబడకండి, కార్డు చూపించండి. మనవాళ్లు చాలామంది దీన్ని అడగరు. లోపలికి వచ్చి వరస చివర నిలబడతారు.

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఉంటే అది, ఇంకా ఇండియా పాస్‌పోర్ట్ అయితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్, పాస్‌పోర్ట్ గడువు, పిల్లలవి కూడా, ఇవాళే తీసి చూడండి. ఇంతమంది టికెట్లు చూశాక చెప్తున్నాను, సీటు దొరక్క ఆగిపోయినవాళ్ల కన్నా కాగితం లేక ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

1కె వచ్చినప్పుడు, సీటు క్లాస్ పెంచుకోవడానికి వాడే 280 ప్లస్ పాయింట్లు కూడా ఇచ్చి ఉంటారు. ఎకానమీకి పై క్లాస్ అయిన ప్రీమియం ప్లస్‌లో కొని పొలారిస్‌కి, అంటే యునైటెడ్ బిజినెస్ క్లాస్‌కి పెంచుకుంటే, ఎకానమీ నుంచి పెంచుకోవడం కన్నా తక్కువ పాయింట్లు ఖర్చవుతాయి. డిసెంబర్‌లో జేబులోంచి పెడదామనుకున్న డబ్బుతో అమ్మానాన్నలని చూడటానికి సంక్రాంతికి అటూ ఇటూగా ఒక ప్రీమియం ప్లస్ టికెట్ తీసుకోండి, 016తోనే. పండగ రోజుల్లో క్లాస్ పెంపు కోసం వెయిట్‌లిస్ట్ పెద్దదిగా ఉంటుంది కాబట్టి పండగ ముందు వారం కాకుండా డిసెంబర్ మొదట్లోనో, జనవరి ఇరవై తర్వాతో చూడండి. తేదీలు ఇక్కడ పెట్టండి, ఏ రోజు సీట్లు ఖాళీగా ఉన్నాయో రాత్రి షిఫ్టులో చూసి చెప్తాను.

ఎడిసన్_భీమవరం

జనవరి 22 వెళ్లడం, ఫిబ్రవరి 8 తిరిగి రావడం అక్కా. నేనొక్కడినే. పాస్‌పోర్ట్‌లు ఇప్పుడే తీశాను, చిన్నవాడిది మార్చిలో అయిపోతోంది. రేపే అప్లై చేస్తున్నాను.